ముప్పై రెండు స్టాపుల వెబ్‌సైటు

పొద్దున ఆరు గంటలకు మనుషులన్నవాళ్లు పళ్లు తోముకుంటారు, పాలు కాచుకుంటారు, లేదంటే ఇంకాసేపు ముసుగు తన్ని పడుకుంటారు. పుష్పావతి మొగుడు మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని నీలం రంగు వెతుక్కుంటున్నాడు.

"ఏమ్మే, ఒకసారి ఇట్ల రా. ఈ నీలం బాగుండాదా, నిన్నటిది బాగుండెనా?"

వంటింట్లో టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానేసిన బొరుగులు పిండుతున్న పుష్పావతి ఉన్నచోటి నుంచే జవాబిచ్చింది. "రెండూ ఒకటే."

"ఒకటే యాడిది? నిన్నటిది చెరువు నీళ్ల రంగు. ఇది మబ్బు రంగు."

"బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లూ లేవు, పైన మబ్బూ లేదు. మీ కంప్యూటర్లో రెండూ ఉన్నాయంటే సంతోషం. డ్యూటీ ఏడింటికి, గుర్తుందా?"

మల్లికార్జున నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్లు మండేది. తిట్టినప్పుడు తిట్లు తిన్నవాడిలాగా ఉండాలి ఎవడైనా. ఈయన ఎవరో మెచ్చుకున్నట్టు నవ్వి, మళ్లీ ఆ నీలం వైపు తిరుగుతాడు.

గడప దగ్గర కూర్చుని పక్కింటి ఓబన్న వాళ్ల విత్తనం శెనక్కాయలు వలుస్తున్న అత్త సిద్దమ్మ మధ్యలో కల్పించుకుంది. "మబ్బు రంగే పెట్టుకోరా మల్లీ, సల్లగుంటాది."

ఆమెకు ఇంగ్లీషు సంగతి సరే, తెలుగులో సంతకం కూడా రాదు. అయినా సలహా ఇచ్చింది, కొడుకు బుద్ధిగా ఆ రంగే పెట్టాడు. తల్లికి తగ్గ కొడుకు అనుకుంది పుష్పావతి. ఊరి వాళ్ల శెనక్కాయలు ఊరికే వలిచిపెట్టవద్దని అత్తకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. హైస్కూలు టీచరు ఇంటి గడపలో ఆ చేట, ఆ పొట్టు, ఆ దుమ్ము చూసినవాళ్లు ఏమనుకుంటారు?

మల్లికార్జున ఆర్టీసీ కండక్టరు. ఇరవై ఏళ్లుగా అనంతపురం నుంచి విడపనకల్లు దాకా ఒకటే రూటు. పదో తరగతి ప్యాసయ్యాడు, అది కూడా రెండో దెబ్బకు. కూతురు జ్యోతిలక్ష్మి ఇంటర్లో ఉన్నప్పుడు కొన్న కంప్యూటరు, ఆమె ఇంజనీరింగుకని కర్నూలు హాస్టలుకు పోయాక ఇంట్లో మిగిలిపోయింది. ఇంకొకరింట్లో అయితే దాని మీద ఒక కుట్టుపని గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి మర్యాదగా ఉంచేవాళ్లు. ఈయన దసరా సెలవులకు వచ్చిన కూతురి దగ్గర వెబ్‌సైటు ఎలా చేస్తారో నేర్చుకున్నాడు. నలభై ఏడేళ్ల వయసులో, తుప్పు రంగు యూనిఫాం విప్పకుండా, ఒక్క వేలితో టక్కు టక్కుమని కొట్టుకుంటూ నేర్చుకున్నాడు.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊరికే అన్నారా పెద్దలు.

ఒకసారి ఏదో ఒక చిన్న గుర్తు మరిచిపోతే పేజీ మొత్తం తెల్లకాగితమైంది. నాలుగు రోజులు దాని కోసమే వెతికాడు. అన్నం దగ్గర అదే ధ్యాస, స్నానాల గదిలో అదే గొణుగుడు. బస్సు నడిపే బాలప్పకు కూడా ఆ గోడు చెప్పుకున్నాడట. పాపం బాలప్ప, స్టీరింగు పట్టుకుని ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు? ఐదో రోజు ఆ గుర్తు దొరికింది. ఆ పూట మల్లికార్జున రెండు సంగటి ముద్దలు ఎక్కువ తిన్నాడు. జీతం పెరిగిన రోజు కూడా ఆ ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

ఇంతా చేసి ఆ వెబ్‌సైటులో ఏముందయ్యా అంటే, బస్సు. తెరవగానే ఒక బొమ్మ బస్సు ఎడమ నుంచి కుడికి పోతుంది. దాని కింద ముప్పై రెండు స్టాపుల పేర్లు. ఏ పేరు మీద నొక్కితే ఆ స్టాపు పేజీ వస్తుంది. అక్కడ ఎక్కిన మనుషులు, దిగిన మనుషులు, మేకపిల్లకు టికెట్టు కొట్టాలా వద్దా అని జరిగిన తగాదా, చిల్లర బదులు ఇచ్చిన చింతపండు, ఇవే కథలు. తర్వాతి పేజీకి పోవాలంటే 'రైట్ రైట్' అన్న మాట మీద నొక్కాలి. ఆగాలంటే 'హోల్డాన్'. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి. పొద్దున లేవగానే ముందు ఆ అంకె చూసుకునేవాడు, తర్వాతే దేవుడి పటం.

గురువారం ఆయనకు వీక్లీ ఆఫ్. ఆ రోజు రాసిన పేజీ తల్లికి చదివి వినిపించాలి. సిద్దమ్మ కింద కూర్చుని శెనక్కాయలు వలుస్తూ వినేది, నవ్వాల్సిన చోట నవ్వేది, ఒక్కోసారి "అట్ల గాదురా, వానిది ఎర్ర రుమాలు" అని దిద్దేది. వీళ్ల సంబరం చూడలేక పుష్పావతి తలుపు దగ్గరికి వేసి పరీక్ష పేపర్లు దిద్దుకునేది.

ఆమె తెలుగు పండిట్. పెళ్లయ్యాక ట్రైనింగు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. అప్పట్లో ఉరవకొండలో కాపురం, అనంతపురంలో ట్రైనింగు, పోను రాను బస్సులో వంద కిలోమీటర్లు. "నేను బస్సులో చదువుకుని ప్యాసైన మనిషిని, మీకు ఫ్యాన్ల కింద చదువు రావడం లేదా" అని ఏడాదికి రెండుసార్లయినా పిల్లలకు చెప్తుంది. ఉద్యోగంతో పాటే భాష కూడా మార్చుకుంది. యాడ, ఈడ, పోతాండా అన్న మాటలు ఆమె నోట వచ్చి పదిహేనేళ్లయింది. వాటితో పాటు మార్చుకున్నది ఇంకొకటి ఉంది. స్టాఫ్ రూములో ఒకరి పుట్టింటి తోటలు, ఇంకొకరి మామగారి కరణీకం వింటూ వింటూ ఒక రోజు తనూ అనేసింది, మా అత్తగారిది విడపనకల్లు దగ్గర ముప్పై ఎకరాల కుటుంబం అని. అన్నాక ఆ ముప్పై ఎకరాలకు బావి తవ్వించింది, ఎడ్లు కట్టించింది, జీతగాళ్లను పెట్టింది.

జూన్ నెలాఖరులో ఒక సోమవారం, సోషల్ టీచరు గంగాదేవి స్టాఫ్ రూములోకి ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"పుష్పావతి మేడమ్, ఇది మీ సారు రాసిందే గదా? మా తమ్ముడు బళ్లారి నుంచి పంపించినాడు. నేను ప్రింటు తీయించినా."

పుష్పావతి కాగితం అందుకుంది. ఇరవై ఆరో స్టాపు. పైన 'మా యమ్మ రోడ్డు' అని పేరు.

'ఈ రోడ్డుకు కంకర కొట్టింది మా యమ్మ. కరువు పని. నేను గోనెపట్ట మీద కూసోని చూస్తాంటి. సుత్తి తప్పి ఏలు మీద పడితే మాయమ్మ ఏడ్సలే. ఏలు నోట్లో పెట్టుకోని ఇంగో చేత్తో కొట్టింది. దినానికి ఇన్ని అని కొలిచి జొన్నలిస్తాండ్రి. ఇప్పుడు నా బస్సు దాని మీద రోజుకు నాలుగు సార్లు పోతాండాది. ఆ తావు వచ్చినప్పుడు నేను సీట్లో కూసోను. లేసి నిలబడతా. కండక్టరు నిలబడితే ఎవురూ ఎందుకని అడగరు.'

"మీ అత్తగారు కంకర కొట్టినారంట గదా మేడమ్," అంది గంగాదేవి. "చదువుతాంటే నాకు కండ్లల్లో నీళ్లు వచ్చినాయి."

గంగాదేవి కళ్లలో నీళ్లున్నాయో లేవో పుష్పావతి చూడలేదు. మూలన కూర్చున్న ఇద్దరు తలెత్తడం మాత్రం చూసింది. ముప్పై ఎకరాలూ, బావీ, ఎడ్లూ ఒక్క క్షణంలో కొట్టుకుపోవడం చూసింది.

"కథ కోసం అలా కల్పించారు," అని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలు పద్యం అప్పజెప్పలేక తిన్న తిట్లు ఆ ఏడాది మొత్తానికి సరిపోతాయి.

సాయంత్రం మల్లికార్జున డ్యూటీ దిగి వచ్చి భుజం మీది సంచి తీయకముందే మొదలుపెట్టింది.

"ఇరవై ఆరో స్టాపు తీసేయండి."

"ఏమైంది?"

"ఏమైందా? మీ అమ్మ రాళ్లు కొట్టిన సంగతి ప్రపంచానికి చాటింపు వేయాలా? నేను ఎలాంటి వాళ్ల మధ్య ఉద్యోగం చేస్తున్నానో తెలుసా మీకు?"

"కొట్టింది గదమ్మే. కొట్టలేదని ఎట్ల రాసేది?"

"రాయమని మిమ్మల్ని ఎవరడిగారు? అసలు ఎవరు చూస్తున్నారు దాన్ని? నాలుగు వందల పన్నెండు మంది అని మురిసిపోతున్నారే, అందులో మూడు వందల తొంభై మీరే. పేజీ తెరిచినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. జ్యోతి నాకు ఎప్పుడో చెప్పింది. నాయనకు చెప్పొద్దమ్మా, బాధపడతాడు అంది కాబట్టి ఊరుకున్నాను."

ఈ మాటతో ముఖం మాడిపోతుందని ఎదురుచూసింది. మల్లికార్జున సంచి తీసి మేకుకు తగిలించాడు.

"ఆ అంకె పెట్టింది నేనే గదా, నాకు తెలీదా? చూడబుద్దయితాది, చూస్తా. ఇల్లు కట్టుకున్నోడు వీధిలోకి పోయి నిలబడి తన ఇల్లు తాను చూసుకోడా? అట్ల చూస్తా. ఇరవై మంది వేరేవాళ్లు చూసినారంటే అది మిగులు."

"ఇల్లట, ఇల్లు. గోడకొక తప్పు. ఆ భాష ఏమిటి? కూసోని, లేసి, తావు... తెలుగు టీచరు మొగుడు రాసే రాతేనా అది?"

అప్పుడు ఆయన ముఖం మారింది. కానీ ఆమె అనుకున్నట్టు మాడిపోలేదు, విచ్చుకుంది.

"తప్పులుంటే నువ్వు దిద్దు పుష్పా. నిజంగా చెప్తాండా. ఎన్ని దినాల నుంచో అడుగుదామనుకుంటాంటి, తిడతావని అడగలే. నీకంటే తెల్సినోళ్లు యాడుండారు? ఆదివారం నాకు డ్యూటీ, నీకు సెలవు. తీరిగ్గా చూడు."

అడగకముందే పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చాడు. పేజీలు ఎక్కడ పెట్టాడో, మార్చాక ఎలా పైకి పంపాలో పక్కన నిలబడి రెండుసార్లు చేసి చూపించాడు. భార్య తన వెబ్‌సైటు ముట్టుకోబోతున్నందుకు ఆ మనిషికి కాళ్లు నేల మీద నిలవలేదు. వెర్రి మాలోకం అనుకుంది పుష్పావతి.

ఆదివారం ఆయన బస్సెక్కగానే పని మొదలుపెట్టింది. ఒక్కో పేజీ తెరిచేది, పళ్లు కొరుక్కునేది, మొదటి వాక్యం నుంచి తిరిగి రాసేది. మేకపిల్ల తగాదాను 'ప్రయాణికుల మధ్య స్వల్ప వివాదం' చేసింది. చింతపండు కథలో హాస్యం నాసిరకమని సగం కోసేసింది. రైట్ రైట్ తీసేసి 'తరువాతి పుట' అని పెట్టింది. హోల్డాన్ చోట ఏం పెట్టాలో తోచక 'సమాప్తం' అని పెట్టింది. ఇరవై ఆరో స్టాపుకు వచ్చేసరికి చేయి బాగా సాగింది. 'మా మాతృమూర్తి శ్రీమతి సిద్దమ్మ గారు విడపనకల్లు ప్రాంతంలో ముప్పది ఎకరాల సంపన్న వ్యవసాయ కుటుంబమునకు చెందినవారు. కరవు కాలమున ఎందరో నిరుపేదలను ఆదుకున్న వితరణశీలి.' చదువుకుంటే ఆమెకే ముచ్చటేసింది.

కూడేరు దాటాక వచ్చే స్టాపు పేజీ ఒకటి మాత్రం ఆమెకు అస్సలు నచ్చలేదు. ఎవరో ఒకామె సాయంత్రం బస్సులో రోజూ కిటికీ పక్కన నిద్రపోయేదట. ఒళ్లో పుస్తకం తెరిచే ఉండేదట. ఆమె తల కిటికీ కమ్మీకి తగులుతుందని కండక్టరు డ్రైవరుతో చెప్పి, గుంతలొచ్చిన చోటల్లా బస్సు నెమ్మదిగా పోనిచ్చేవాడట. లేటయిందని వెనక సీట్లవాళ్లు తిడితే తానే తిట్లు తినేవాడట. ఎవరి నిద్ర ఎవరికి కావాలి? పెళ్లయిన మగవాడు పరాయి ఆడదాని నిద్ర గురించి రాసుకోవడమేమిటి, అదీ పదిమందీ చూసేచోట. దాన్ని దిద్దడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు. మొత్తం చెరిపేసి, ఆ స్టాపు ఏ మండలంలో ఉందో ఒక్క వాక్యం రాసి వదిలేసింది.

చీకటి పడేలోపు ముప్పై రెండూ అయిపోయాయి. పాతవాటి మీదే కొత్తవి దాచి, ఆయన చూపించినట్టే పైకి పంపింది. నిజం చెప్పాలంటే ఆమెకూ మధ్యలో అన్నం గుర్తుకు రాలేదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

మల్లికార్జున తొందరపడి తెరవలేదు. భార్య దిద్దినది తల్లితో కలిసి చూడాలని గురువారం దాకా దాచుకున్నాడు. ఆ రోజు పుష్పావతి బడి నుంచి వచ్చేసరికి సిద్దమ్మ చేట పక్కన పెట్టి కూర్చుని ఉంది. ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కంప్యూటరు ముందున్నాడు.

"నీ కతే ముందు చదువుతా అమ్మా. కోడలు దిద్దింది."

చదవడం మొదలుపెట్టాడు. మాతృమూర్తి దగ్గర కొంచెం తడబడ్డాడు. ముప్పది ఎకరాల దగ్గర గొంతు తగ్గింది. వితరణశీలి దాకా చదివి ఆపాడు. సిద్దమ్మ ఇంకా ఏదో వస్తుందని చూసింది.

"ఇది ఎవురి అమ్మ కతరా?" అంది.

ఆయన వేరే స్టాపు తెరిచాడు, ఇంకొకటి తెరిచాడు. కూడేరు తర్వాతి స్టాపు దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత కుర్చీ తిప్పకుండానే అడిగాడు.

"పాతవి యాడ పెట్టినావు పుష్పా?"

"వాటి మీదే రాశాను. దిద్దమన్నారుగా."

"ఊఁ," అన్నాడు. కంప్యూటరు ఆపేసి, భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పాడు.

గొడవ పడతాడని ఆమె మూడు రోజులు కాచుకుని కూర్చుంది. మాటకు మాట సిద్ధం చేసి పెట్టుకుంది. ఆ మాటలన్నీ వృథా అయ్యాయి. పొద్దున లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాడు, కాఫీ ఇస్తే తాగేవాడు, ఏడింటికి డ్యూటీకి పోయేవాడు. నీలం గురించి అడగలేదు. అంకె చూడలేదు. ఇన్నాళ్లకు ఇంట్లో మనిషి మనిషిలాగా కూర్చున్నాడని ఆమె సంతోషించాలి. సంతోషించడానికి ప్రయత్నం కూడా చేసింది.

ఆదివారం పొద్దున ఆయన వెళ్లాక ఉండబట్టలేక అత్త మీద పడింది.

"మీ కొడుక్కి ఎందుకంత మూతిముడుపు? పరువుగా ఉండేలా రాశాను. అది కూడా తప్పేనా?"

సిద్దమ్మ చేటలో పొట్టు ఊదుతూ మెల్లిగా అంది. "నీకు పరువు తక్కువైతాదని నాకు తెలీదు పాపా. తెలిసింటే వానికి నేనే చెప్తాంటి, రాయాకురా అని. కంకర కొట్టినప్పుడు నాకు సిగ్గు కాలే. సిగ్గుపడేకి టైం యాడుండె? సాయంత్రం జొన్నలు ఇస్తారా ఇయ్యరా అనేదే ధ్యాస. నా బతుకులో ఏమీ లేదనుకుంటాంటి. వాడు చదివితే, ఓహో, ఇంత జరిగిందా నాకు, అనిపిస్తాండె."

 జవాబు లేనప్పుడు మనిషి ఇంకో తప్పు వెతుకుతాడు.

"మీ కథ సరే అత్తా. ఎవరో ఆడమనిషి బస్సులో నిద్రపోతే దాన్ని కూడా రాసుకోవాలా ఆయన? భార్యగా నాకు ఎలా ఉంటుంది?"

సిద్దమ్మ చేయి ఆగింది. కోడలిని ఎగాదిగా చూసింది.

"ఎవరో ఏంది పాపా? అది నువ్వే గదా."

"నేనా?"

"పంతులమ్మ ట్రైనింగుకు పోతాంటివే, జ్యోతి నా దగ్గర ఉంటాండె. పొద్దున నాలుగుకు లేసి వంట చేసి పోతాంటివి. రాత్రికి వాని బస్సులో వస్తాంటివి. కూడేరు దాటితే నీకు తెలివే ఉండదంట. ఆ తిట్లన్నీ తిన్నది నీ కోసరమే. బాలప్పకు ఆ గుంతలన్నీ వాడే నేర్పినాడంట, ఈడ మెల్లిగా, ఈడ మెల్లిగా అని. నీకు చెప్తే నగుతావని చెప్పలే. నాకు మాత్రం ఆ కత పది సార్లు చదివినాడు. నిన్న అడిగినాడు, అమ్మా, అది ఎట్ల రాసినానో నీకు గుర్తుండాదా అని. కత గుర్తుండాది గానీ మాటలు నాకు యాడ గుర్తుంటాయి?"

పుష్పావతి గడప మీదే కూర్చుంది. బస్సులో చదువుకుని ప్యాసైన మనిషి. పదిహేనేళ్లుగా పిల్లలకు చెప్పుకుంటూ వచ్చింది. పుస్తకం తెరిచిన గుర్తుంది. ఉరవకొండలో దిగిన గుర్తుంది. మధ్యలో కూడేరు నుంచి ఉరవకొండ దాకా ఏముందో ఎంత వెతికినా ఆమెకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. అంత మెత్తగా పోయింది ఆ దారి. ఆ దారిని రాసిపెట్టినవాడొకడు ఉంటే, వాడి రాత నాసిరకమని, వాడి బుద్ధి వంకరని, మొత్తం తుడిచేసి అక్కడ మండలం పేరు రాసింది. తన మీద తనకు పుట్టిన అసహ్యం అంతకుముందు ఎవరి మీదా పుట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిద్దమ్మ శెనక్కాయలు పక్కన పెట్టి, పొట్టు చేత్తోనే ఆమె వీపు నిమిరింది. ఒక వేలు కొన దగ్గర మొద్దుబారి ఉంది. ఇన్నేళ్లలో పుష్పావతి ఆ వేలి గురించి ఎన్నడూ అడగలేదు.

సాయంత్రం ఆయన వచ్చాక సంచి మేకుకు తగిలించేదాకా ఆగింది.

"నేను చేసింది తప్పు. మళ్లీ రాయండి."

"పోనీలే పుష్పా."

"పోనిస్తే పోదు. రాయండి."

"అది మళ్లీ అట్లే రాదు," అన్నాడు మల్లికార్జున. కోపం లేదు, ఉన్న సంగతి చెప్పాడంతే. "రాసేటప్పుడు ఒక సంతోషం వచ్చింది, అది అయిపోయింది. ఇప్పుడు ఇంట్లో కూసోని గుర్తు చేసుకుంటే నువ్వు రాసిందే గుర్తొస్తాండాది. నువ్వు బాగా రాస్తావు గదా, అది గట్టిగా పడింది."

ఆ చివరి మాట ఎగతాళి కాదు. ఎగతాళి అయితే బాగుండేది, తట్టుకునేది.

"ఇంట్లో గుర్తు రాకపోతే బస్సులో వస్తుందేమో," అంది.

మరుసటి ఆదివారం ఏడు గంటల బస్సులో కండక్టరు సీటు పక్కనే పుష్పావతి కూర్చుంది, ఒళ్లో రెండు వందల పేజీల నోటుబుక్కుతో. మల్లికార్జున టికెట్లన్నీ కొట్టి వచ్చి కూర్చుని, కిటికీలోంచి చూస్తూ ఒకటి చెప్పాడు. ఆమె రాసింది. ఇంకొకటి చెప్పాడు. "ఉండండి, కూసోనింటి అన్నారా, కూసుంటి అన్నారా?" అని అడిగి, ఆయన అన్నదే రాసింది. చేయి రెండుసార్లు దిద్దబోయి ఆగింది. ఎర్రసిరా పెన్ను ఆమె ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

కూడేరు దాటాక ఆయన చెప్పడం ఆపేశాడు. "ఈడ కొత్త రోడ్డు పడింది. ఇప్పుడు గుంతల్లేవు. నిద్రొస్తే పడుకో."

"నాకు నిద్ర రావడం లేదు. ఆ కథ చెప్పండి."

"నీ ముందర ఎట్ల చెప్పేది? సిగ్గయితాది."

పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఆ మనిషి ముఖం ఎర్రబడడం ఆమె మొదటిసారి చూసింది. ముందు నుంచి బాలప్ప అద్దంలో చూసి, "నేను చెప్తా రాసుకో వదినా, వీనితో కాదు," అన్నాడు. బాలప్పే చెప్పాడు. ఆమె రాస్తుంటే అక్షరాలు మసకబారాయి, అయినా ఆపలేదు.

ఉరవకొండలో బస్సు నిండింది. నెత్తిన గంపతో ఎక్కిన వెంకటలక్ష్మమ్మ అనే ముసలామె, పుష్పావతి ఒళ్లోని పుస్తకం చూసి అనుమానంగా అడిగింది. "ఎవరప్పా ఈయమ్మ, రాసుకుంటాంది? చెకింగా?"

మల్లికార్జున నోరు తెరిచాడు. భార్య ఏమంటుందో తెలియక మూసుకున్నాడు. ముప్పై ఎకరాల కోడలికి తగ్గ జవాబు ఏదైనా చెప్పుకోవచ్చు. టీచరునమ్మా, సర్వే చేస్తున్నాను అన్నా సరిపోతుంది. వెనక సీట్లో పుష్పావతి బడిలో చదివే పిల్ల తండ్రి ఒకాయన కూడా ఉన్నాడు, చెవులు ఇటే ఉన్నాయి.

"చెకింగు గాదవ్వా," అంది పుష్పావతి, బస్సు శబ్దానికి అందరికీ వినపడేలా గొంతు పెంచి. "ముందర వచ్చే రోడ్డుకు మా యత్త కంకర కొట్టింది, కరువు పనిలో. ఏ తావున కొట్టిందో రాసుకుంటాండా."

ముసలామె గంప దించింది. పుష్పావతి ముఖంలోకి చూసింది.

"నేనూ కొట్టినా గదమ్మా," అంది. "పేరు ఏమి మీ యత్తది?"

పుష్పావతి పక్కకు జరిగి చోటిచ్చింది. కొత్త పేజీ తిప్పి, ముసలామె పేరు అడిగి, పైన వెంకటలక్ష్మమ్మ అని రాసుకుంది.

"సిద్దమ్మ," అంది. "కూసో అవ్వా. నీది గూడా చెప్పు."